దొరగారి డేంజరు

నా పుట్టిల్లు కోదాడ, మెట్టినిల్లు సూర్యాపేట, ఉన్న ఒక్క పిల్లనూ ఇచ్చింది మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్ళ బస్టాండ్లలో నేను కూర్చోని బెంచీ లేదంటే నమ్మండి. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కనుక, ఎక్కడికి వెళ్ళినా పిల్లల హోంవర్కు నాకే తగులుకుంటుంది.

పోయిన నెల మిర్యాలగూడ వెళ్ళినప్పుడు మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చింది. పదో తరగతి. "అమ్మమ్మా! డేంజరు, రిస్కు, హజార్డు, పెరిలు, జెపర్డీ. ఐదింటికీ తేడా రాసి, ఒక్కోదానికి వాక్యం రాయమన్నారు. తెలుగులో అన్నిటికీ ప్రమాదమే కదా, ఇంక తేడా ఏముంటుంది?" అంది.

"ఎందుకుండదే!" అన్నానే గానీ, నాకు మాత్రం వెంటనే తట్టిందా? "ఇంటికెళ్ళి లావు పుస్తకం చూసి ఫోన్ చేస్తాలే" అని తప్పించుకున్నాను. ఆ రాత్రి అదే డైనింగు టేబుల్ మీద, దాని నోటుపుస్తకం పక్కనే, బ్యాంకువాళ్ళ కాగితాల కట్ట ఒకటి కనిపించింది. మా అల్లుడు వరికోత మిషను కొని కిరాయికి తిప్పుదామనుకుంటున్నాడు. అప్పు కావాలి. అప్పుకు హామీగా, పెళ్ళిలో పసుపుకుంకుమల కింద మేం అమ్మాయికిచ్చిన రెండొందల గజాల ప్లాటు పెడతాడట. సంతకం చెయ్యాల్సిన చోటల్లా ఎవరో పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టి ఉంచారు. "రిస్కు తీసుకోకపోతే ఎట్లా పైకొస్తాం అత్తయ్యా" అన్నాడు అల్లుడు నవ్వుతూ. మంచివాడే. నేనూ నవ్వాను. కానీ సూర్యాపేట బస్సులో కూర్చున్నాక ఆ మాటే చెవిలో తిరగసాగింది.

లావు పుస్తకమంటే, ఎప్పుడో హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట కొన్న పాత ఇంగ్లీషు నిఘంటువు. ఏ మాట ఎక్కడ పుట్టి ఎవరింట పెరిగిందో అందులో ఉంటుంది. మాటలకు కూడా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఉంటాయి మరి.

అయినా ముందు మన మాటల సంగతి చూద్దాం. బస్సు బోల్తాపడినా, డాక్టరు పెదవి విరిచినా మనం వాడేది ప్రమాదమే. కానీ సంస్కృతంలో ప్రమాదమంటే జరిగే కీడు కాదు, ఏమరుపాటు. కాపలావాడు కునుకు తీస్తే అది ప్రమాదం. దొంగ పడటం దాని ఫలితం. మనం రానురాను కారణం పేరు తెచ్చి ఫలితానికి పెట్టేశాం. బుద్ధుడు కడసారిగా శిష్యులకు చెప్పింది కూడా ఏమరక ఉండమనే; పాళీలో దాన్ని అప్పమాదం అంటారు. మా సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి గుట్ట మీద బౌద్ధుల విహారాలు, స్తూపం బయటపడ్డాయి. పదిహేడు, పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందట ఆ గుట్ట మీద భిక్షువులు ప్రమాదం అన్నది ఆ అసలు అర్థంలోనే వాడి ఉంటారు కదా అనుకుంటే నాకు ముచ్చటేస్తుంది. అన్నట్టు, ప్రమద అంటే ఆడది. ప్రమాదం, ప్రమద ఒకే ధాతువు బిడ్డలు. ఈ సంగతి మా ఆయనకు ఎవరో చెప్పారు, ఇంక చూసుకోండి, నెలరోజులు అదే హాస్యం.

అపాయం, ఉపాయం కూడా ఒక ఇంటివే. దూరమైపోవడం అపాయం, దగ్గరకు చేరడం ఉపాయం. ముప్పు మాత్రం అచ్చంగా మనది. పాత నిఘంటువుల్లో దానికి ముసలితనమనే అర్థం కూడా ఉంది. నా వయసులో చదివితే ఆ రెండర్థాలూ ఎందుకు కలిశాయో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇవిగాక నైజాం మిగిల్చి వెళ్ళిన ఖతరా ఒకటుంది. దాని కొడుకు ఖతర్నాక్. మా పేటలో కుర్రాళ్ళు బిర్యానీని కూడా ఖతర్నాక్ అంటారు, అంటే బ్రహ్మాండమని. భయపెట్టే మాట మెచ్చుకోలుగా ఎట్లా మారిందో చూశారా!

ఇంతకూ ఈ డేంజరు మా వైపు ఎప్పుడొచ్చింది? 1948 దాకా సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ అన్నీ నిజాం రాజ్యం. కచేరీలో ఉర్దూ, కాగితం మీద ఉర్దూ. కానీ పేట నుంచి కోదాడ వెళ్ళే దారిలో మునగాల వస్తుంది కదా, ఆ మునగాల పరగణా మాత్రం బ్రిటిషువాళ్ళది. చుట్టూ నైజాం నేల, మధ్యలో కృష్ణా జిల్లా ముక్క, సముద్రంలో దీవిలాగ! అక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు గారు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టడానికి పూనుకున్నవారిలో ఈ ఇద్దరూ ఉన్నారు. లక్ష్మణరావు గారి అక్కగారే భండారు అచ్చమాంబ. ఆడవాళ్ళ జీవిత చరిత్రలు వెతికి వెతికి రాసిన మహాతల్లి. చిన్న వయసులోనే, 1905లో పోయింది. పది నిమిషాల బస్సు ప్రయాణంలో ఖతరా నుంచి డేంజరుకు, డేంజరు నుంచి మళ్ళీ ఖతరాకు మారే నేల మాది. మా నాన్నగారు ఈ రెండిటినీ కలిపి "డేంజరు ఖతరా" అనేవారు. చిన్నప్పుడు నేను అదంతా ఒకే మాటనుకునేదాన్ని. తర్వాత కరెంటొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ల మీద పుర్రె, ఎముకల బొమ్మతో రేకు బోర్డులొచ్చాక, చదువు రానివాళ్ళకు కూడా డేంజరు తెలిసిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లావు పుస్తకంలో డేంజరు దగ్గర వేలు పెట్టి చదివేసరికి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. డేంజరుకు తాతముత్తాత లాటిన్ భాషలో దొర. దొమినుస్ అంటే ఇంటి యజమాని, ప్రభువు. ఆయన అధికారం దొమినియుం. అది పాత ఫ్రెంచిలో నలిగి నలిగి దంజియే అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచి, ఊరికొక దొరను కూర్చోబెట్టాక, వాళ్ళ ఫ్రెంచి మాటలతోపాటు ఇదీ ఇంగ్లీషులోకి దిగింది. అప్పుడు డేంజరంటే ఆపద కాదు. దొరతనం. ఒకడు ఫలానా దొర డేంజరులో ఉన్నాడంటే, ఆ దొర చెప్పుచేతల్లో ఉన్నాడని. దొర తలుచుకుంటే జుల్మానా వెయ్యగలడు, కొట్టించగలడు, ఊరుకోనూగలడు. తలుచుకుంటాడో లేదో మనకు తెలియదు. ఆ తెలియకపోవడమే డేంజరు. తర్వాత్తర్వాత దొర మాయమై, భయం ఒక్కటీ ఆ మాటలో మిగిలింది.

దొర ఉండే కోట బురుజుకు కూడా పేరు ఆ వంశంలోదే. దొంజో అనేవాళ్ళు. అదే ఇప్పుడు నేలమాళిగ ఖైదుకు వాడే డంజన్. మా వైపు గడి అంటారే, అచ్చం అదే. ఇంకో విడ్డూరం చెప్పనా? దొమినుస్‌కు ఆడరూపం దొమినా. దాని నుంచే మేడమ్ వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత మేడమ్ అని పిలిపించుకున్నాను గానీ, డేంజరుకు వరసకు చెల్లెల్నవుతానని నాకేం తెలుసు!

ఇదంతా చదువుతుంటే నాకు నార్మన్ దొరలు కళ్ళముందుకు రాలేదు. మా అత్తమ్మ వచ్చింది. ఆమె పుట్టింది సూర్యాపేట తాలూకాలో ఒక పల్లెటూళ్ళో, చిన్న కాపుదనం ఇంట్లో. ఆమె చిన్నతనంలో ఆ తాలూకా అంతా దొరలదే. ఒక్క జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కిందే లక్షన్నర ఎకరాలుండేవని సుందరయ్య గారు తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. లక్షన్నర! మనం రెండొందల గజాలకు ముప్ఫై సంతకాలు పెడుతున్నాం. ఊళ్ళో ఏ కులంవాళ్ళు ఆ పని దొరకు ఊరికే చెయ్యాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి. దొర ఇంట్లో పెళ్ళయితే ఊరంతా కట్నం చదివించాలి. దాని పేరు వెట్టి.

అత్తమ్మ చెప్పేది. "గడి ముందర నుంచి పోవాల్నంటే చెప్పులు చేత్ల పట్టుకునేటోళ్ళం బిడ్డా. ఎన్నడన్న ఏమన్న అన్నడా అంటే, మమ్ముల ఏమనలే. అనకపోయినా భయమే. మా అమ్మ నన్ను గోడ పొంటి నడిపించుకుంట, దిక్కులు చూడొద్దని చెయ్యి నొక్కేది."

ఏమీ అనలేదు, అయినా భయమే. నార్మన్ల కాలం నాటి డేంజరుకు ఇంతకంటే చక్కని అర్థం లావు పుస్తకంలో కూడా లేదు. "నీ బాంచెన్ దొరా" అన్న మాట మీరంతా వినే ఉంటారు. బాంచె అంటే దాసి. అన్నవాడు తాను ఎవరి డేంజరులో ఉన్నాడో తన నోటితో తానే ఒప్పుకుంటున్నాడన్నమాట.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. కోదాడ దగ్గర చిలుకూరులో 1941లో ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. సంఘం ఊరూరా పాకింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి బలయ్యాడు. అక్కడి నుంచి 1951 అక్టోబరులో విరమించేదాకా పోరాటం సాగింది. మగవాళ్ళ చరిత్ర పుస్తకాల్లో బాగానే ఉంది. నాకు కుతూహలమంతా కారప్పొడి మీద. రోకళ్ళు, వడిసెలలు, నీళ్ళలో కలిపిన కారం పట్టుకుని ఆడవాళ్ళు రజాకార్లకూ పోలీసులకూ అడ్డం నిలిచిన ఊళ్ళు ఎన్నో. వంటింట్లో ఉన్నవే, బయట నుంచి తెచ్చినవేం కాదు. మా అత్తమ్మకు అప్పటికి పన్నెండేళ్ళు. మిద్దె మీద చింతచెట్టు కొమ్మల చాటున కూర్చుని, దుమ్ము లేస్తే కేకెయ్యడం ఆమె పని. "భయం కాలేదా?" అంటే, "అయింది. కానీ గది వేరే భయం" అనేది.

ఆ తాలూకాలోనే కరివిరాల కొత్తగూడెంలో పుట్టింది మల్లు స్వరాజ్యం. భూస్వాముల ఇంటి పిల్ల. కూలోళ్ళ పక్షాన నిలబడి, ఇరవై ఏళ్ళు రాకముందే దళంలో రాజక్కగా తుపాకి పట్టింది. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలన్నారు, ఆ రోజుల్లో! తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయింది. 2022 మార్చిలో కన్నుమూసింది. ఇట్లాంటి ఆడవాళ్ళ మాటలన్నీ స్త్రీశక్తి సంఘటనవారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని అచ్చువేశారు. దొరికితే చదవండి. అందులో నన్ను కలవరపెట్టింది తుపాకులు కాదు. పోరాటం ఆగాక వీళ్ళను ఇంక ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నారు. ప్రాణాలొడ్డేటప్పుడు అక్కరకొచ్చినవాళ్ళు, లెక్కలు తేల్చేటప్పుడు లెక్కలోకి రాలేదు.

ఆ "వేరే భయం" అన్నది నాకు మిగతా నాలుగు మాటలూ చూశాక గానీ సరిగ్గా బోధపడలేదు. పెరిలు లాటిన్‌లో పరీక్ష అనే మాట. ఎక్స్‌పీరియన్సు, ఎక్స్‌పర్టు దాని చుట్టాలే. దెబ్బ తింటేనే అనుభవం కదా. జెపర్డీ చదరంగం నుంచి వచ్చింది. ఆట సరిసమానంగా చీలి, ఎటు మొగ్గుతుందో తెలియని స్థితి. హజార్డు అచ్చంగా పాచికలాట పేరు. అరబ్బీలో పాచికలనే మాటే దానికి మూలమని చాలామంది అంటారు. రిస్కు ఇటలీ ఓడల వర్తకుల నుంచి, ఫ్రెంచివాళ్ళ చేతుల మీదుగా పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. సరుకు ఎక్కించిన ఓడ తిరిగొస్తుందో రాదో, వస్తే పదింతలు, రాకపోతే సున్న. జినోవాలో 1347 నాటికే ఓడలకు బీమా కాగితాలు రాసుకున్నారు.

గమనించారా? డేంజరు ఒకరి కింద పడి ఉండటం. రిస్కు తెలిసి, తూకం వేసి, మనంతట మనం దిగడం. గోడ పొంటి నడిచిన పిల్లది డేంజరు. మిద్దెక్కి కేకేసిన పిల్లది రిస్కు. రెంటికీ మధ్య ఐదేళ్ళు కూడా లేవు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పాచికలనగానే మనకు గుర్తొచ్చేది ఇంకెవరు? ధర్మరాజు. ఆయన తీసుకున్నది రిస్కే. కానీ పణం ద్రౌపది. నిండుసభలో ఆమె అడిగింది ఒక్కటే: ఆయన ముందు తననొడ్డి ఓడాడా, నన్నొడ్డి ఓడాడా? తానే ఓడిపోయినవాడికి నన్నొడ్డే హక్కెక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమన్నాడు. వికర్ణుడనే కుర్రవాడొక్కడు లేచి ఆమె మాట న్యాయమన్నాడు. అంటే ఒకరి రిస్కు ఇంకొకరికి డేంజరవుతుంది. లావు పుస్తకంలో ఇది లేదు. నా బీరువాలో ఉంది.

చెప్పొద్దనుకున్నాను గానీ, ఇంతదాకా వచ్చి దాచడమెందుకు? 1984లో సంగతి. సాగర్ ఎడమకాలవ నీళ్ళొచ్చాక మిర్యాలగూడ చుట్టూ వరి, వరి వెంట రైసుమిల్లులు లేచాయి. మా మరిది ఒక మిల్లులో వాటా ఉందన్నాడు. "వదినె, ఇప్పుడు రిస్కు తీసుకోకుంటే ఇంకెప్పుడు?" అన్నాడు. మా ఆయన తలూపారు. నేను బడి నుంచి వచ్చేసరికి నా పన్నెండు తులాలూ కుదువకు వెళ్ళిపోయాయి. మా కోదాడలో తాకట్టంటాం, పేటలో కుదువ. పేరేదైతేనేం, బీరువా ఖాళీ. నా చంద్రహారం, పట్టెడ, వంకీ, మా అమ్మ గాజులు. నేను నోరెత్తలేదు. చదువుకున్నదాన్నే, జీతం తెచ్చేదాన్నే, అయినా ఎత్తలేదు. గోధుమపిండి కలుపుతూ కూర్చున్నాను.

అడిగింది మా అత్తమ్మ. అన్నం ముందు కూర్చున్న కొడుకును, "దాన్ని అడిగినవారా?" అంది.

"అడిగేదేముందమ్మా, మన ఇంటి కోసమే గదా" అన్నారాయన.

"దొర గూడ ఊరి కోసమే అనేటోడు" అంది అత్తమ్మ, పప్పు వడ్డిస్తూ.

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మిల్లు మూడేళ్ళు ఆడింది. వాటాదార్లు తగవులాడుకుని మూసేశారు. నాకు తిరిగొచ్చింది వంకీ ఒక్కటే. ఆయన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మిల్లు నడిచి ఉంటే ఇదే కథ గొప్పగా చెప్పుకునేదాన్నేమో! కానీ మిల్లు నడిచినా అత్తమ్మ ప్రశ్న ప్రశ్నగానే ఉండేది కదూ? ఆ తర్వాత మా ఇంట్లో బీరువా తాళంచెవి నా కొంగుకు మారింది. ఎవరూ మారుస్తున్నామని చెప్పలేదు. ఒకరోజు పొద్దున మా ఆయనే తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళారు.

మనవరాలికి ఫోన్లో ఇవన్నీ కాదు గానీ, డేంజరు వంశవృక్షం చెప్పాను. అది హుషారుగా వాక్యం రాసింది: అప్పు తీర్చలేని వర్తకుడు అప్పిచ్చినవాడి డేంజరులో ఉన్నాడని. షేక్స్పియర్ వెనిస్ వర్తకుడి నాటకంలో ఆ మాటను అదే అర్థంలో వాడాడని నేనే చెప్పాను మరి. మర్నాడు బడి నుంచి వచ్చి, "మేడమ్ ఇంటూ కొట్టారు అమ్మమ్మా. ఇప్పుడట్లా వాడరట" అంది గుర్రుగా. ఆ మేడమ్ తప్పేమీ లేదు. నేనైనా కొట్టేదాన్నే.

వెనకనుంచి మా అమ్మాయి ఫోను లాక్కుంది. "అమ్మా, ఆ లావు పుస్తకం దగ్గరే ఉందా? మార్ట్‌గేజి అంటే ఏమనుందో కాస్త చూడు."

కళ్ళద్దాలు వెతుక్కుని చూశాను. మళ్ళీ ఫ్రెంచివాళ్ళే. మోర్ అంటే చచ్చినది, గేజి అంటే తాకట్టు. అప్పు తీరిస్తే తాకట్టు చచ్చిపోతుందట, తీర్చలేకపోతే పెట్టినవాడికి ఆస్తి చచ్చిపోతుందట. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. కుక్కరు ఈల వేసింది.

"వీళ్ళ నాన్న అన్నానికొచ్చారమ్మా. ఆయన్నొక మాట అడిగి మళ్ళీ చేస్తాను" అంది.